ఏడో నంబరు ఫారంలో పైడమ్మ తలుపు

ఎలా ముగుస్తుందో తెలియకుండా కథ మొదలుపెట్టడం సమాజానికి హానికరమని ప్రభుత్వం వారు ఒక శుక్రవారం సాయంత్రం కనిపెట్టారు.

ఆ సాయంత్రం ఒక మంత్రిగారు పుస్తకావిష్కరణకి వెళ్ళారు. శాలువా కప్పించుకున్నారు. మర్యాదకి రచయితను, "తర్వాతి నవల ఎలా ముగుస్తుందయ్యా?" అని అడిగారు. "ఇంకా తెలీదండీ. రాస్తూ పోతే తెలుస్తుంది" అన్నాడు రచయిత. నిజం చెబితే ఏమవుతుందో తెలియని వయసు. మంత్రిగారు కారెక్కారు. ఎటు పోతుందో తెలియకుండా ఎవరైనా వంతెన కడతారా అని దారిపొడవునా మథనపడ్డారు. ఆయన కట్టించిన వంతెనలు రెండు ఏటి మధ్యలో ఆగిపోయిన మాట నిజమే. కాని వాటికి ప్లాన్లున్నాయి.

నెల తిరక్కుండా కథా ప్రణాళికా మండలి వెలిసింది. జిల్లాకో కార్యాలయం, కార్యాలయానికో జీపు, జీపుకో డ్రైవరు. ఇకమీదట ఎవరు ఏ కథ రాయదలచినా ముందుగా ఏడో నంబరు ఫారం మూడు ప్రతులు నింపి ఆమోదం పొందాలి. ఆరంభం, మధ్యమం, అంతం వేర్వేరు గడుల్లో రాయాలి. అంతం గడి ఖాళీగా ఉంటే ఆ కథ లేనట్టే. ఆమోదం లేని కథను అచ్చువేసినా, చదివి వినిపించినా జప్తు చేస్తారు.

ఈ సంగతులేవీ దాసరి గవరయ్యకి తెలియవు. తెలుసుకునే ఓపికా లేదు. ముప్పై రెండేళ్ళు కాలవ మీద లస్కరుగా తూము తలుపులు ఎత్తుతూ దించుతూ బతికాడు. చదివింది ఐదో తరగతి. తెలివి చాలక కాదు, ఊళ్ళో ఆరో తరగతి లేక. ఒక ముప్పై కథలు పత్రికల్లో అచ్చయ్యాయి. భార్య అచ్చియ్యమ్మ పోయి ఎనిమిది నెలలైంది. పరామర్శకి వచ్చినవాళ్ళు, "అదృష్టవంతురాలు, పునిస్త్రీగా పోయింది" అన్నారు. అలా అన్నవాళ్ళ పేర్లన్నీ ఆయనకి గుర్తున్నాయి.

గ్రంథాలయ వారోత్సవాలకి ఒక కథ చదవమని లైబ్రేరియన్ బతిమాలితే వెళ్ళి చదివాడు. పైడమ్మ అనే ముసలావిడ పట్టపగలు తన ఇంటి తలుపు ఊడదీసి, నెత్తిన పెట్టుకుని ఊరు దాటుతుంది. ఎక్కడికే అని అడిగినవాళ్ళకి జవాబు చెప్పదు. కుక్కలు వెంటపడితే ఆగదు. నీడకి నిలబడదు. నాలుగు పేజీలు చదివి గవరయ్య నోట్‌బుక్ మూసేశాడు.

"తర్వాత?" అన్నారు జనం.

"ఇంతవరకే వచ్చింది."

"ఇంతకీ తలుపు ఎక్కడికి మోసుకెళ్తోంది?"

"తెలీదు."

మూడో రోజు జీపు వచ్చింది. ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాశారు. "నీలిరంగు అట్ట గల నోట్‌బుక్ ఒకటి. అందు ముసలి స్త్రీ ఒకరు, తలుపు ఒకటి, కుక్కలు మూడు. ముగింపు లేదు. ఇల్లంతయు వెదికినను దొరకలేదు."

నోట్‌బుక్ ఖరీదు ఎంతని? అయినా గవరయ్య ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆయన కథలు కాగితం మీద పుట్టేవి కావు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అచ్చియ్యమ్మ వసారాలో చింతపండు ముందేసుకుని కూచునేది. రాతి మీద పెట్టి సుత్తితో కొట్టి పిక్కలు తీసేది. ఆయన కథ చెప్పేవాడు. ఆవిడ ఊ కొట్టేది. ఆవిడ ఊలు అన్నీ ఒకటి కావు. సాగదీసి అంటే తొందరగా కానీయమని. ముక్కుతో అంటే అబద్ధమాడుతున్నావని. ఆ ముక్కు ఊ వినపడిందంటే గవరయ్య మనుషుల్ని వచ్చిన దారినే వెనక్కి నడిపించి, మరో దారి పట్టించేవాడు. ముగింపు ఇద్దరికీ ముందు తెలిసేది కాదు. దార్లో ఎక్కడో తగిలేది. సాయంత్రం కూచుని రాసేటప్పుడు, ఆవిడ ఊ కొట్టిన ప్రతిచోటా మార్జిన్‌లో ఒక చుక్క పెట్టేవాడు. కథ నిజంగా పట్టుకున్న చోట చుక్క ఉండేది కాదు. అక్కడ ఆవిడ ఊ కొట్టడం మరిచిపోయేది. సుత్తి కూడా ఆగిపోయేది.

పైడమ్మ ఏటి ఒడ్డుకి చేరిన మధ్యాహ్నం ఊ ఆగింది. సుత్తి ఆగింది. పట్టుకుందనుకున్నాడు గవరయ్య. ఊపు మీద అరపేజీ సరుకు చెప్పుకుపోయాడు. అప్పుడు తలెత్తి చూశాడు. అచ్చియ్యమ్మ గోడకి జారగిలబడి ఉంది. గుప్పిట్లో పిక్కలున్నాయి.

పెద్దకర్మ అయ్యాక ఆ అరపేజీ రాసిపెట్టాడు. మళ్ళీ చదవలేదు. లైబ్రరీలో కూడా దానికి ముందే ఆపేశాడు. ఆ అరపేజీ పక్కన చుక్కలు లేవు. కథ బాగుండి లేవా? వినే మనిషి లేక లేవా? ఈ లోకంలో గవరయ్యకి తెలియాల్సింది అదొక్కటే మిగిలింది. ఎవరికైనా చదివి వినిపించి తేల్చుకుందామని గుండె రాయి చేసుకునేసరికి, నోట్‌బుక్ జీపెక్కి పోయింది.

వెనకే తాఖీదు వచ్చింది. గవరయ్య బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయాడు.

జిల్లా కథా ప్రణాళికాధికారి వేమూరి శేషావతారం అంతకుముందు పట్టణంలో మేడలకి ప్లాన్లు ఆమోదించేవారు. మేడలకి చేసిందే కథలకీ చేస్తున్నారు. ఆయన గదిలో గోడలనిండా ఆమోదించిన కథల పటాలు వేలాడుతున్నాయి. నాయకుడి దుఃఖం ఎన్నో పేజీలో మొదలై ఎన్నో పేజీలో తీరుతుందో ఎర్ర సిరాతో గీసి ఉంది. పక్క బల్ల దగ్గర గుమస్తా లెంక సన్నిబాబు కూచుని ఉన్నాడు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాడు. ముప్పై ఏళ్ళుగా పైవాళ్ళు చెప్పింది రాస్తున్నాడు. వినడం మానేసి పాతికేళ్ళయింది. చెవిలో పడిన మాట చేతిలోంచి కాగితం మీదకి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు.

"తమరి రచనయందు ఒక తలుపు తరలింపబడుచున్నది. గమ్యస్థానము పేర్కొనబడలేదు" అన్నారు శేషావతారం.

"అవును బాబూ."

"కారణము?"

"నాకూ తెలీదు."

"కర్తకే తెలియనిచో పాత్రకెట్లు తెలియును?"

"ఆవిడికి తెలుసు. నాకు చెప్పలేదు."

శేషావతారం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాయవయ్యా సన్నిబాబూ. పాత్ర సమాచారమును రచయిత నుండి దాచుచున్నది." సన్నిబాబు రాశాడు. శేషావతారం గొంతు తగ్గించి, దగ్గిర మనిషిలా అడిగారు: "చూడండి గవరయ్యగారూ, మీరు కాలవల మీద పనిచేసినవారు. ప్లాను లేకుండా కాలవ తవ్వుతారా?"

"తవ్వరు బాబూ. మా కుడి కాలవ ప్లానుతోటే తవ్వేరు. ఇరవయ్యేళ్ళైంది. ఇంకా నీళ్ళు రాలేదు."

"మరి?"

"మా ఊరి గెడ్డకి ప్లాను ఎవడు గీసేడు బాబూ? అది పారతానే ఉంది."

"గెడ్డ అనధికారికము" అన్నారు శేషావతారం, మళ్ళీ అధికారి అయిపోయి. "ఏడో నంబరు నింపండి. అంతం గడి నింపనిదే నోట్‌బుక్ వదలబడదు."

గవరయ్య వసారాలోకి పోయి ఫారం నింపాడు. అంతం గడిలో ఇలా రాశాడు: "పైడమ్మ ఆ తలుపును ఊరి బడికి విరాళమిచ్చును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు." రాస్తుంటే చెవిలో ముక్కు ఊ ఒకటి వినపడింది. ఆయన చెవి గోక్కుని సంతకం పెట్టేశాడు. అరవై ఏడేళ్ళలో డబ్బుకీ పరువుకీ ఆడని అబద్ధం, అరపేజీ కోసం ఆడాడు.

శేషావతారం పరవశించారు. "ఇదీ ముగింపంటే! తలుపునకు గమ్యము, బాలలకు ఆనందము, సమాజమునకు సందేశము." ఫైలు సాంకేతిక విభాగానికి పోయింది. వాళ్ళు లెక్క కట్టి, టేకు తలుపు అరవై కిలోలు ఉండుననీ, అరవై రెండేళ్ళ స్త్రీ అది మోయజాలదనీ తేల్చారు. తలుపునైనా తేలిక చేయండి, ముసలమ్మనైనా పడుచు చేయండి అని రాశారు. రహదారుల శాఖ వారు నెత్తిన తలుపుతో రోడ్డు దాటడానికి అభ్యంతరం తెలిపారు. ఆరోగ్య శాఖ వారు ఎండలో నడుస్తుంది గనుక ప్రతి రెండు పేజీలకూ ఒకసారి మంచినీళ్ళు తాగించమన్నారు. పశుసంవర్ధక శాఖ వారు మూడు కుక్కలకూ టీకాలు వేసినట్టు కథలో ఎక్కడో ఒకచోట చెప్పమన్నారు. నలభై రోజులకి ఆమోదముద్ర పడింది.

"ఇక పుస్తకం ఇప్పించండి" అన్నాడు గవరయ్య.

"కథ పూర్తయినట్లు ధ్రువపత్రము వచ్చినాక. అంతవరకు తమరు ప్రతిదినము పదకొండు గంటలకు ఇచటకు వచ్చి, ఆమోదించిన ప్రణాళిక ప్రకారము రాయవలెను. సన్నిబాబు పర్యవేక్షించును."

గవరయ్య తొమ్మిది రోజులు బస్సెక్కి వచ్చాడు. ప్రభుత్వ కాగితం, ప్రభుత్వ కలం. పైడమ్మని మూడు రోడ్ల కూడలి దాకా తెచ్చాడు. ఎడమకి బడి. కుడికి ఏరు. ఎడమకి తిప్పాడు. ఆమె తిరగలేదు. "పైడమ్మ నిలబడింది" అని రాసి కలం మూశాడు. రెండో రోజు, "పైడమ్మ నిలబడింది." మూడో రోజూ అంతే. తొమ్మిదో రోజుకి ఒకటే వాక్యం తొమ్మిదిసార్లు అయింది. పక్కన సన్నిబాబు తొమ్మిదిసార్లు సంతకం పెట్టాడు, చదవకుండా.

పదో రోజు నోటీసు అందింది. "తమ పాత్ర గత తొమ్మిది పనిదినములుగా కూడలియందు తలుపుతో నిలబడి రాకపోకలకు అంతరాయము కలిగించుచున్నది. వెంటనే బడి దిశగా కదల్చని యెడల, మండలి వారే పాత్రను స్వాధీనపరచుకొని బడి వద్దకు చేర్చెదరు."

గవరయ్య ఆ నోటీసుకి జవాబు రాయలేదు. ఆఫీసుకి పోవడం మానేశాడు. పైడమ్మని అక్కడికి చేర్చడం మండలి వల్ల అయ్యే పని కాదని ఆయనకి తెలుసు. కథని దానికిష్టం లేని దారి పట్టించడం అచ్చియ్యమ్మ వల్లే కాలేదు.

ఏడాది గడిచింది. మండలి వార్షిక నివేదిక వచ్చింది. జిల్లాలో నాలుగు వందల పన్నెండు కథలకి ప్రణాళికలు ఆమోదించారు. ముగింపులు నూటికి నూరు శాతం సాధించారు. "కథలు మాత్రమే రాయవలసియున్నది" అని చివర చిన్న అక్షరాల్లో ఉంది. ఒక్కడూ రాయలేదు. ఎలా ముగుస్తుందో అధికారికి చెప్పేశాక, మళ్ళీ కూచుని ఎవరికి చెప్పాలో ఎవడికీ తోచలేదు.

ఈ వైఫల్యాన్ని అధ్యయనం చేయడానికి మండలి సభ్యులు పదకొండు మంది ఒక చల్లని దేశం వెళ్ళారు. అక్కడ ఎవరో రచయిత టీ తాగుతూ, "నేనసలు ప్లాను వేసుకోనండీ, కథ ఎటు తీసుకెళ్తే అటు పోతాను" అన్నాడట. పదకొండు మందికీ ఒళ్ళు జలదరించింది. విమానం దిగీ దిగకముందే కొత్త ఉత్తర్వు తయారైంది. దాని పేరు సహజ ప్రేరణా రచనా విధానం.

ఇకమీదట ప్రణాళిక నేరం. రాసేవాడికి ముగింపు తెలియకూడదు. "ముగింపు నాకు తెలియదు. తెలుసుకొనుటకు ప్రయత్నింపలేదు. బంధువులకు గాని మిత్రులకు గాని తెలియదు" అని నోటరీ ముందు ప్రమాణపత్రం దాఖలు చేయాలి. తెలియకుండా ఉండడం ఎలాగో నేర్పడానికి మూడు రోజుల శిక్షణా శిబిరం పెట్టారు. ఏ గంటకి ఏం తెలియకూడదో ముందే అచ్చువేసి పంచారు. శేషావతారం గోడల మీది పటాలన్నీ దింపించి, జలపాతం బొమ్మ ఒకటి పెట్టించారు.

"ప్రవాహమండీ గవరయ్యగారూ, ప్రవాహం!" అన్నారు జీపులో ఇంటికే వచ్చి. "ఆ గెడ్డ మాట ఆనాడే చెప్పారు మీరు. నాకు చెప్పింది చెప్పినట్టు పైకి రాశాను కదా. జిల్లాకి ఆదర్శ రచయిత మీరే."

"పుస్తకం తెచ్చారా?"

"సన్మానంలో ఇస్తాం."

సన్మానంలో శాలువా ఇచ్చారు. రహస్యం చెప్పమని మైకు ఇచ్చారు. "రహస్యం ఏటీ లేదు. మా ఆవిడ ఊ కొట్టేది" అని గవరయ్య మైకు వెనక్కి ఇచ్చేశాడు.

ఆ ఒక్క మాట చాలింది. పదిహేను రోజుల్లో మండలానికొకరు చొప్పున అధీకృత శ్రోత పోస్టులు మంజూరయ్యాయి. ప్రతి రచయితా అధీకృత శ్రోత ఎదుట కథ చెప్పాలి. శ్రోత నిమిషానికి రెండు ఊలకి తగ్గకుండా కొట్టాలి. ప్రతి ఊ వేళతో సహా రిజిస్టరులో ఎక్కించాలి. ఆఫీసుల్లో పనిలేని గుమస్తాలందరినీ శిక్షణిచ్చి పంపారు. గవరయ్య మండలానికి సన్నిబాబు పడ్డాడు.

ఈలోగా పాత ఫైళ్ళు తగలబెడుతుంటే ఎవరికో గవరయ్య ఏడో నంబరు ఫారం కంటబడింది. మళ్ళీ తాఖీదు వచ్చింది.

"ఎంత పని చేశారండీ!" అన్నారు శేషావతారం, జలపాతం కింద కూచుని. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "తమకు ముగింపు తెలుసునని సంతకము చేసియున్నారు."

"మీరు రాయమంటే రాసేను."

"మేము రాయుమన్నాము. తెలుసుకొనుమనలేదు."

"అది అబద్ధం బాబూ."

"అబద్ధమనుటకు రుజువు?"

"పైడమ్మ బడివేపు కదల్లేదు. మీ ఫైల్లోనే ఉంది చూడండి, తొమ్మిది రోజులు."

శేషావతారం ఫైలు తిరగేశారు. తొమ్మిది సంతకాలూ చూశారు. తీర్పు చెప్పారు. నోట్‌బుక్ సీలువేసి సన్నిబాబు చేతికిస్తారు. గవరయ్య అతని ఎదుట కథ చదివి, రాయని భాగం అప్పటికప్పుడు నోటితో చెప్పాలి. ముగింపు తెలియనట్టు శ్రోత ధ్రువీకరిస్తే నోట్‌బుక్ ఆయనదే. తెలిసినట్టు తేలితే, దాన్ని కాగితపు మిల్లుకి పంపి గుజ్జు చేస్తారు.

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి సన్నిబాబు వచ్చాడు. సంచిలోంచి రిజిస్టరు, స్టాప్‌వాచీ, సీలు కవరు తీసి వసారాలో పేర్చుకున్నాడు. మూలనున్న చింతపండు బుట్ట కేసి చూశాడు. రెండేళ్ళ నాటిది. నల్లబడిపోయింది. బుట్ట మీద సుత్తి ఉంది.

"ఊ ఎలాంటిది కావాలి గవరన్నా? మాకు ట్రైనింగులో మూడు రకాలు నేర్పేరు. సామాన్యం, ఆసక్తి, మహదాసక్తి."

"నీకు చేతనైంది కొట్టు."

"సామాన్యమే సులువు. మిగతావి దగ్గొస్తాది."

గవరయ్య కవరు చింపి నోట్‌బుక్ బయటికి తీశాడు. అట్ట మీద ఆఫీసు ముద్రలు మూడు పడ్డాయి. లోపల చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాడు.

"పైడమ్మ గునపం తీసుకుని తన ఇంటి తలుపుని..."

"ఊ" అన్నాడు సన్నిబాబు, వాచీ చూసి.

"...ఊడదీసింది. పక్కింటి పోలమ్మ వచ్చి, ఏటే పైడీ..."

"ఊ. రెండు గంటలా ఏడు నిమిషాల ముప్పై."

"నోరు మూసుకుని ఊ కొట్టలేవా?"

"నోరు మూసుకుంటే వేళ ఎవడు చెప్తాడు గవరన్నా? రూలు."

నాలుగు పేజీలూ అలాగే సాగాయి. పైడమ్మ ఊరు దాటింది, ఊ. కుక్కలు వెంటపడ్డాయి, ఊ. ఒక కుక్కకి టీకా వేశారా అని అడగబోయి, అది పాత ఉత్తర్వని గుర్తొచ్చి సన్నిబాబు ఊరుకున్నాడు. కూడలి వచ్చింది. పైడమ్మ కుడికి తిరిగింది. గవరయ్య పేజీ తిప్పాడు. అరపేజీ వచ్చింది.

గొంతు సవరించుకున్నాడు. వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు.

పైడమ్మ ఏటి ఇసకలోకి దిగింది. తలుపు దించింది. చేతులతో గోయి తీసి తలుపుని నిలువుగా పాతింది. చుట్టూ రాళ్ళు పేర్చి కదలకుండా చేసింది. వెనక గోడ లేదు. పైన కప్పు లేదు. ఒట్టి ఇసకలో ఒట్టి తలుపు. పైడమ్మ గడియ పెట్టింది. కొంగుతో తలుపు తుడిచింది. తలుపుకి ఇవతల, ఇంట్లో కూచున్నట్టు కూచుంది.

ఊ రాలేదు.

గవరయ్య తలెత్తలేదు. కిందటిసారి తలెత్తాడు. ఈసారి చూపు కాగితం మీదే పాతి ఉంచాడు. వసారా అంతా నిశ్శబ్దంగా ఉంది. వాచీ చప్పుడు మాత్రం వినపడుతోంది. అరపేజీ అయిపోయింది. కింద తెల్ల కాగితం. ఆగిపోతే తలెత్తాలి. తలెత్తడానికి భయమేసి చెప్పుకుపోయాడు.

ఊరు రిజర్వాయరులో మునిగిపోతుందని పైడమ్మకి ముందురోజు చెప్పారు. తన నోటివెంట వచ్చేదాకా ఆ సంగతి గవరయ్యకీ తెలియదు. అందరూ మంచాలూ గిన్నెలూ సర్దుకున్నారు. పైడమ్మ మొగుడు పద్దెనిమిదేళ్ళ కిందట పడవెక్కి ఏరు దాటాడు. పొద్దుపోయినా వచ్చి తలుపు కొడతాను, పడుకోకు అన్నాడు. రాలేదు. చచ్చిపోయాడని ఊరంతా అంది. పైడమ్మ ఊరితో వాదించలేదు. కాని ఊరు మునిగిపోయాక ఆయన వస్తే ఏ తలుపు కొడతాడు? నీళ్ళని కొడతాడా? మిగతా సామాను పోతే పోనీ. ఆయన కొడతానన్నది తలుపు. అందుకని దాన్ని ఆయన దిగే రేవుకే మోసుకొచ్చింది. కూచుంది. ఎండ వాలింది. ఏరు పైకి పొంగుతోంది. అవతల నుంచి ఎవరో తలుపు కొట్టారు.

గవరయ్యకి అక్కడి దాకానే కనిపించింది. ఆగాడు. ఇక తప్పక తలెత్తాడు.

సన్నిబాబు బతికే ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. కింది పెదవి మీద ఈగ వాలి ఉంది. చేతిలో వాచీ తిరుగుతూనే ఉంది. కలం ఒళ్ళో పడి పంచె మీద సిరా కారుతోంది.

"తర్వాత?" అన్నాడు సన్నిబాబు.

"ఇంతవరకే వచ్చింది."

"అదేటి అన్నియ్యా! తలుపు తీసిందా లేదా?"

"తెలీదు. నువ్వు ఊ ఎక్కడ ఆపేశావో అది చెప్పు."

సన్నిబాబు రిజిస్టరు చూసుకున్నాడు. పదకొండు నిమిషాలు. ఇరవై రెండు ఊలు. "చచ్చేను. ఇసకలో తలుపు పాతిందన్నావు చూడు, అక్కడ. అక్కడి నుంచి ఒక్కటీ లేదు. నిద్రపోలేదు అన్నియ్యా, ఒట్టు. మరిచిపోయేను."

"అక్కడేనా?"

"అక్కడే. నీకెందుకు? మెమో వచ్చేది నాకు."

గవరయ్య నోట్‌బుక్ తీసి ఆ అరపేజీ మార్జిన్ చూశాడు. తెల్లగా ఉంది. వేలితో ఒకసారి పైనించి కిందకి రాసి, మూశాడు.

పదిరోజులకి సన్నిబాబు మళ్ళీ వచ్చాడు. చేతిలో ఫైలుంది. మెమో చూపించాడు. "విధినిర్వహణయందు పదకొండు నిమిషములు మౌనము వహించి, ప్రభుత్వమునకు ఇరవై రెండు ఊలు నష్టము కలిగించినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను." దాని కింద సన్నిబాబు వివరణ ఉంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తన సొంత మాటలు రాయడం అదే మొదలు కాబోలు, అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. "అయ్యా, నేను అక్కడ లేను. ఏటి దగ్గర ఉన్నాను."

దాని కింద శేషావతారం ఎర్ర సిరాతో రాశారు: "వివరణ సంతృప్తికరముగా లేదు. శ్రోత వాంగ్మూలము పూర్తిగా లేనందున పరీక్ష చెల్లదు. పరీక్ష తేలువరకు నోట్‌బుక్ రచయిత వద్దనే ఉండవచ్చును. తదుపరి విచారణ నేను స్వయముగా జరిపెదను. వచ్చినది ఎవరైనదీ, తలుపు తీసినదీ లేనిదీ తెలియవలెను." చివరి వాక్యం కింద రెండుసార్లు గీత గీశారు.

"రేపు మధ్యాహ్నం వస్తానన్నారు" అన్నాడు సన్నిబాబు. "నన్నూ రమ్మన్నారు. రూలు ప్రకారం రేపు నాకు సెలవు. అయినా వస్తాను."

గవరయ్య ఫైలు మడిచి ఇచ్చేశాడు. లేచి మూలకి పోయి చింతపండు బుట్ట ఎత్తాడు. రెండేళ్ళ బరువు. తెచ్చి వసారా మధ్యలో పెట్టాడు. పక్కన రాయి పెట్టాడు. సుత్తి మీద దుమ్ము పంచెతో తుడిచాడు.

"రమ్మను. వాచీలు తేవద్దను" అన్నాడు. "ఖాళీ చేతులతో కూచుంటే మీకు ఊ తప్ప ఏటీ తోచదు. పిక్కలు తీద్దురుగాని. రెండో సుత్తి మీ ఆఫీసరునే తెచ్చుకోమను."